బదులు పప్పు

పొట్టు తీసి రెండుగా చీల్చిన బఠానీ. కందికి సాటి కాదని ఊళ్ళో బంధువుల తీర్పు. జంషెడ్‌పూర్ అగ్రికోలో మా ఇంటి చలికాలం మాత్రం దానితోనే మొదలవుతుంది.

తెలుగువాడికి బఠానీ అంటే పొట్లం. బస్సు కదిలే ముందు కిటికీలోంచి అందుకున్న వేయించిన బఠానీల పొట్లం. లేదంటే విశాఖ బీచిలో ఉల్లిపాయ ముక్కలూ నిమ్మరసమూ కలిపి ఇచ్చే ఉడికించిన బఠానీల పొట్లం. మొత్తానికి కాలక్షేపం తిండి. దాన్ని పప్పుగా ఉడికించి, చారులా పలచన చేసి, గిన్నెల్లో పోసుకుని రాత్రి భోజనం అయిందనిపిస్తామంటే శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టాలు ఇప్పటికీ జాలిగా చూస్తారు. "కందిపప్పు దొరకదేటమ్మా మీ టాటాలో?"

దొరుకుతుంది. సాక్చీ బజారులో బస్తాలు బస్తాలు దొరుకుతుంది. ఊరి నుంచి సంచుల్లో మోసుకొచ్చిన రోజులు పోయి చాలాకాలమైంది. అయినా డిసెంబరు సగం దాటి, పొద్దున్నే అగ్రికో ట్రాన్స్‌పోర్ట్ మైదానం మీద మంచు దిగిందంటే మా అమ్మ చెయ్యి కందిపప్పు డబ్బా దాటి పక్క డబ్బా మీదికి పోతుంది. అందులో ఉంటుంది ఈ పప్పు. శనగపప్పు కంటే నున్నగా, కంది కంటే లేత పసుపుగా. ఇక్కడి కొట్లలో మటర్ దాల్ అంటారు, మేం బఠానీ పప్పంటాం, మా పిల్లలు సూపంటారు. పేరు ఎవరిదైనా గిన్నె ఒకటే.

పారలు చేసిన పేట

అగ్రికో అనగానే ఎక్కడో ఇటలీలో ఊరనుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఇది ఇనుప పేరు. 1920లలో ఇక్కడ వ్యవసాయ పనిముట్ల కార్ఖానా లేచింది. దాని పొడవాటి ఇంగ్లీషు పేరును నోటికి అనువుగా కత్తిరిస్తే మిగిలింది అగ్రికో. పారలు, గునపాలు, కొడవళ్ళు. టాటా స్టీలు వారి సరుకుల పేర్లలో ఇంతకన్నా పాతది లేదు. మన పల్లెల్లో పార కొనేవాడు రేకు మీద ముద్ర తిప్పి చూసుకునేది ఈ పేరు కోసమే. భాలుబాసా, సిద్‌గోడా, గోల్‌మురీల నడుమ ఉన్న మా కాలనీ పేరూ అదే. జార్ఖండ్ మాజీ ముఖ్యమంత్రి రఘువర్ దాస్ ఇల్లు ఇక్కడే కావడంతో ఎన్నికల రోజుల్లో పత్రికలకు మా పేట గుర్తుకొస్తుంది. మిగతా రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది.

టాటా ఉక్కు కంపెనీ పుట్టింది 1907లో. కొలిమిలోంచి మొదటి ఉక్కు వచ్చింది 1912 ఫిబ్రవరిలో. 1919లో సాక్చీ కాస్తా జంషెడ్‌పూర్ అయింది, కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. పనికోసం అన్ని దిక్కుల నుంచీ జనం దిగారు. మనవాళ్ళకు దారి చూపింది బెంగాల్ నాగపూర్ రైల్వే. వాల్తేరులో ఎక్కి, ఖరగ్‌పూర్‌లో బండి మారి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని దిగారు. శ్రీకాకుళం వాళ్ళు, విజయనగరం వాళ్ళు, గంజాం వాళ్ళు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు. ఇవాళ్టికీ ఊళ్ళో ఏ రిక్షావాడినడిగినా రామ్ మందిర్ అంటే అక్కడికే తీసుకెళ్తాడు.

రైలు దిగినవాడి సంచిలో చింతపండూ ఎండుమిరపకాయలూ ఉంటాయి. పప్పు మాత్రం ఎన్నాళ్ళని మోస్తాడు? ఇక్కడ దొరికిందే తినాలి. ఇక్కడ దొరికేది బఠానీ. బెంగాలీవాళ్ళు, బిహారీవాళ్ళు, ఒడియావాళ్ళు ముగ్గురూ ఒప్పుకునే ఫలహారం ఈ ఊళ్ళో ఏదైనా ఉందంటే ఘుగ్నీ. గుండు బఠానీలను రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి, అల్లం, ఉల్లి, మసాలాలతో దగ్గరగా వండేది. మరమరాల మీద పోసుకున్నా సరే, బియ్యమూ శనగపప్పూ రుబ్బి నూనెలో వేసిన ధుస్కాతో నంజుకున్నా సరే. షిఫ్టు దిగి గేటు బయటికొచ్చిన మనిషికి ఆకు దొన్నెలో అది పడితే చాలు, ఇంటిదాకా నడిచే ఓపిక వస్తుంది.

మా క్వార్టరుకు ఎడమవైపు గోడ అవతల బెంగాలీ బౌది, అంటే వదిన, ఉండేది. ఆవిడ చీల్చిన బఠానీ పప్పులో సొరకాయ ముక్కలు వేసి, అల్లం దంచి, అయిదు దినుసుల పాంచ్‌ఫోరన్‌తో పోపు పెట్టేది. మా అమ్మ మొదట ముక్కు చిట్లించింది. పప్పులో తీపి తగలడమేమిటి? అసలు బెల్లం వెయ్యలేదనీ, ఆ తీపి పప్పుదేననీ బౌది ఒట్టేసి చెప్పాక ఓ డబ్బాడు పప్పు అప్పు తెచ్చుకుంది. అది నెలాఖరు. మా డబ్బాలో కందిపప్పు అడుగంటింది. అలా, బదులుగా, మా ఇంట్లోకి వచ్చింది.

సి షిఫ్టు నుంచి వచ్చిన మనిషి

ఈ ఊళ్ళో గడియారం కంటే ముందు భోంపు, అంటే కార్ఖానా సైరను, ఉంది. అది కూస్తే ఊరు లేస్తుంది, అది కూస్తే పడుకుంటుంది. ఎ షిఫ్టు పొద్దున ఆరింటికి, బి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సి షిఫ్టు రాత్రి పదింటికి. మా నాన్నకు సి షిఫ్టు పడిన వారంలో ఇంట్లో వంట తలకిందులయ్యేది. పొద్దున్నే ఆరున్నరకు వచ్చే మనిషికి అది రాత్రి భోజనమో, ఉదయం ఫలహారమో తేలేది కాదు. రాత్రంతా కొలిమి దగ్గర నిలబడి, మంచులో సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాడికి అన్నం సయించదు. టీ ఒక్కటే సరిపోదు.

అప్పట్లో వంట బొగ్గుల పొయ్యి మీద. దాన్ని ఇక్కడ సిగ్డీ అంటారు. మన కుంపటికి పెద్దన్న. బొగ్గుపొడీ మట్టీ కలిపి ఉండలు చేసి ఎండబెట్టిన గుల్ దాంట్లో నింపి, రాత్రి వంట అయ్యాక నివురు కప్పి వదిలేస్తే తెల్లారేదాకా వెచ్చగా ఉండేది. అమ్మ పడుకునే ముందు పప్పు కడిగి, ఓ చెంచా నూనే పసుపూ వేసి, మందపాటి గిన్నెలో నిండా నీళ్ళు పోసి దాని మీద పెట్టేది. భోంపు కూసే వేళకు లేచి మూత తీస్తే పప్పుండదు. పసుపుపచ్చటి చిక్కటి నీళ్ళుండేవి. ఉప్పేసి, మిరియాలూ వెల్లుల్లీ దంచి పోపు పెట్టి, పెద్ద ఇత్తడి గ్లాసులో పోసి ఇచ్చేది.

మొదటిసారి నాన్న గ్లాసు పట్టుకుని వాసన చూశాడట. "ఏటిది? కందిపప్పు కాదు కదా?"

"కాదు. ముందు తాగీసి చెప్పండి."

తాగేశాడు. ఏం చెప్పలేదు. రెండో గ్లాసుకు చెయ్యి చాపాడు. మా ఇంట్లో మెచ్చుకోలు అంతకు మించి ఎప్పుడూ లేదు.

ఆ చలికాలపు సాయంత్రాలు సగం మంచూ సగం పొగా. వీధి వీధంతా సిగ్డీలు ఒకేసారి రాజేస్తే ఎదురింటి గుమ్మం కనబడేది కాదు. తర్వాతెప్పుడో చదివాను, బొగ్గుపొగ కలిసిన పసుపు రంగు పొగమంచుకు లండన్ వాళ్ళు పెట్టిన ముద్దుపేరు బఠానీ సూపే అని. 1952 డిసెంబరులో ఐదు రోజులపాటు ఆ ఊరిని ముంచేసి వేల ప్రాణాలు తీసిందీ అలాంటిదే. మా వీధిలో లోపలా బయటా అదే సూపన్నమాట. మా అదృష్టం కొద్దీ మాది సువర్ణరేఖ నది గాలి ఊడ్చుకుపోయే ఊరు.

పులుపు ఆఖర్న

ఇక వంట. నలుగురైదుగురికి పావుకిలో పప్పు, లీటరున్నర నీళ్ళు. నానబెట్టే పనిలేదు. గుండు బఠానీ అయితే రాత్రంతా నానాలి గానీ, పొట్టు వదిలాక గింజ రెండు చెక్కలైపోతుంది కాబట్టి నీళ్ళు లోపలికి దూరడానికి అడ్డేమీ ఉండదు. ఆ చెక్కలు మొలక కోసం గింజ దాచుకున్న తిండి. అప్పట్లో ఆస్ట్రియా పాలనలో ఉన్న బ్ర్నో మఠం తోటలో మెండెల్ అనే సన్యాసి ఏళ్ళ తరబడి లెక్కపెట్టిన వాటిలో ఈ చెక్కల రంగు కూడా ఉంది. పసుపా, పచ్చా? 1866లో ఆయన అచ్చువేసిన లెక్క ప్రకారం పసుపుదే పైచేయి. అంగట్లో దొరికే పచ్చ బఠానీ పప్పూ పసుపు బఠానీ పప్పూ ఒకే జాతివి. పచ్చదానిలో తీపి ఒక పిసరు ఎక్కువ, అంతే తేడా. నేను పసుపు పక్షం.

మూడుసార్లు కడగాలి. మూడోసారీ నీళ్ళు కాస్త తెల్లగానే ఉంటాయి, ఇక వదిలెయ్యొచ్చు. మరుగు పట్టగానే దట్టంగా నురుగు లేస్తుంది. దాన్ని గరిటెతో తీసెయ్యాలి. తర్వాత మంట తగ్గించి, మూత ఓరగా పెట్టి ముప్పావు గంట నుంచి గంట. మధ్యలో అడుగు అంటకుండా నాలుగైదుసార్లు కలపాలి. పప్పు పాతదైతే ఇంకో పావుగంట పడుతుంది, మరీ పాతదైతే ఎంత ఉడికించినా పలుకు పోదు. అది కొన్న కొట్టు మార్చాలి.

ఈ వంటలో తప్పు చేసే చోటు ఒక్కటే. పులుపు. చింతపండో టమాటానో ముందే వేసేసే తొందర. పప్పు మెత్తబడాలంటే దాని కణాలను అంటించి ఉంచిన జిగురు, పెక్టిన్ అంటారు, కరగాలి. పులుపు దాన్ని కరగనివ్వదు. సున్నం ఎక్కువున్న నీళ్ళూ అంతే. మా అమ్మకు పెక్టిన్ సంగతి తెలియదు. చాపాకల్ నీళ్ళతో, అంటే చేతిపంపు నీళ్ళతో, పప్పుడకదని తెలుసు. కుళాయి రాని రోజున బఠానీ పప్పు జోలికి పోయేది కాదు. నేను ఉత్సాహంగా టమాటా తరిగి గిన్నె దగ్గరికెళ్తే చెయ్యి పట్టుకుని ఆపేది. "ఉడకనీయే! ముందే పులుపేసీస్తే రాయిలాగుండిపోద్ది."

కుక్కరులో చేసుకునేవాళ్ళకో హెచ్చరిక. ఈ పప్పు నురుగు మామూలు నురుగు కాదు. ఆవిరి పోయే గొట్టాన్ని మూసేస్తుంది. నేను కొత్తగా కాపురం పెట్టినప్పుడు కందిపప్పు లెక్కలోనే ముప్పాతిక దాకా నింపాను. వెయిటు కిందనుంచి పసుపు చారు చిమ్మి వంటగది పైకప్పుదాకా పోయింది. ఆ మరక మీద రెండుసార్లు సున్నం వేయించాం. సగం దాటి నింపకూడదు, నూనె చుక్క మరవకూడదు, విజిలు పడ్డాక మంట తగ్గించాలి.

పాశ్చాత్యులు ఈ సూపులో ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసపు ఎముక వేస్తారు. సూపు రుచి సగం ఆ పొగలో ఉంటుంది. శాకాహారపు వంటపుస్తకాలు ఆ పొగ వాసనను వదిలేసి, ఉత్త పప్పు నీళ్ళు తాగమంటాయి. ఈ లోటుకు మందు మా వీధిలోనే ఉంది. బిహారీలు లిట్టీతో తినే చోఖా కోసం టమాటాలనూ వెల్లుల్లినీ నిప్పుల్లో కాలుస్తారు కదా, అదే. రెండు టమాటాలు, ఒక వెల్లుల్లి గడ్డ, పొట్టు నల్లబడేదాకా కాల్చాలి. గ్యాసు మంట మీదైనా జాలీ పెట్టి కాల్చొచ్చు. పొట్టు ఊడదీసి, చేత్తోనే చిదిమి, పప్పు పూర్తిగా కరిగాక అందులో వెయ్యాలి. క్యారెట్టు, కొత్తిమీర కాడలు సన్నగా తరిగి పప్పుతోపాటే ఉడికించినా బాగుంటుంది. ఆకులు మాత్రం చివర. పప్పుగుత్తితో ఒక్కసారి ఎనిపితే చాలు. మిక్సీలో వేస్తే జిగురొస్తుంది, వద్దు.

పోపు నెయ్యితో. జీలకర్ర, కచ్చాపచ్చా మిరియాలు, ఒక ఎండుమిరపకాయ, కరివేపాకు. ఆవాలు వద్దంటాను నేను, అమ్మ వేస్తుంది. ఈ తగువు తీరదు. దించాక నిమ్మచెక్క. ఇంగువ ఇష్టమైతే సరే గానీ కాల్చిన వెల్లుల్లి ఉన్నచోట దానికి పనిలేదు. గిన్నెలో పోసి మీద గుప్పెడు మరమరాలు చల్లుకుంటే, అవి మెత్తబడేలోగా తినాలనే తొందరలో నాలుక కాల్చుకోని మనిషి మా ఇంట్లో లేడు.

గురువారం గిన్నె

చలి దేశాల్లో ఈ సూపు వయసు వందల ఏళ్ళు. అంతకు చాలా ముందు, గ్రీకు హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ రెండువేల నాలుగు వందల ఏళ్ళ కిందటే దీని ప్రస్తావన తెచ్చాడు. స్వీడన్‌లో గురువారం నాడు పసుపు బఠానీ సూపూ, తీపి అట్లూ తినడం ఆచారం. శుక్రవారం ఉపవాసం కాబట్టి ముందురోజు కడుపు నింపుకునే కాలం నాటిది అంటారు. ఉపవాసం పోయింది, గురువారం ఉంది. మన శనివారం పలారాలు గుర్తొస్తాయి నాకు. వారం కట్టుబాటు ఉన్న వంట అంత తొందరగా చావదు. ఆ దేశపు రాజు పద్నాలుగో ఎరిక్‌ను 1577లో చెరసాలలో చంపింది విషం కలిపిన బఠానీ సూపేనని చెప్పుకుంటారు. 1958లో సమాధి తవ్వి చూస్తే అవశేషాల్లో ఆర్సెనిక్ ఎక్కువగానే కనబడింది. అంత చిక్కటి సూపులో ఏం కలిపినా తెలియదు మరి.

డచ్చివాళ్ళ లెక్కలో చెంచా నిలువుగా నిలబడితేనే అది సూపు. జర్మనీలో ఇది సైన్యం తిండి. 1867లో బెర్లిన్‌లో గ్రూనెబెర్గ్ అనే వంటవాడు బఠానీ పిండీ కొవ్వూ ఉల్లీ కలిపి గొట్టంలా చుట్టి, చిదిమి నీళ్ళలో వేస్తే సూపయ్యేలా తయారుచేశాడు. మూడేళ్ళకు ఫ్రాన్సుతో యుద్ధంలో ప్రష్యా సిపాయిలను అది నడిపించింది. తర్వాత క్నార్ కంపెనీ చేతిలో పడి, 2018 చివరిదాకా అంగళ్ళలో అమ్ముడుపోయింది. ఇప్పుడు మన దగ్గర సూపు పొట్లాల మీద కనబడే పేరు అదే. సిపాయి కానీ, కొలిమి కార్మికుడు కానీ, కావలసింది ఒకటే: తక్కువ డబ్బుతో, ఒక్క గిన్నెలో, తెల్లారేదాకా నిలిచే వేడి. వంద గ్రాముల పప్పులో మాంసకృత్తులే సుమారు 24 గ్రాములు. నాన్న సైకిలు తొక్కింది ఆ బలంతోనే.

పరాయి పేరుతో

మొన్న సాక్చీలో పప్పు కొంటూ బస్తా మీద ముద్ర చూశాను. కెనడా. అక్కడి సస్కాచెవాన్ మైదానాల్లో పండిన పప్పు. ఆ దేశంలోనే క్యూబెక్ ఫ్రెంచివాళ్ళ బఠానీ సూపు ప్రసిద్ధం, వాళ్ళ గిన్నెకూ మా గిన్నెకూ నేల ఒకటే అయింది. పారలకు పేరుమోసిన పేటలో కూర్చుని, పార ముఖం చూడని, యంత్రాలే విత్తి కోసిన పొలంలోని పప్పు తింటున్నాం. నాన్న ఉంటే నవ్వేవాడు.

ఉత్తరప్రదేశ్‌లో పండే బఠానీ మన దేశం తిండికి చాలదు. దిగుమతి చేస్తే శనగ రైతు గోల పెడతాడు, ఆపేస్తే పప్పు ధర లేస్తుంది. ఈ రెండిటి నడుమ ప్రభుత్వం ఊగుతూనే ఉంది. 2017 నవంబరులో పసుపు బఠానీ మీద 50 శాతం సుంకం వేశారు. 2023 డిసెంబరులో పూర్తిగా ఎత్తేశారు. 2025 నవంబరు ఒకటి నుంచి 30 శాతం మళ్ళీ వేశారు. శనగ రైతు భయానికి కారణం ఉంది. ఈ పప్పును పిండి పట్టి శనగపిండిలో కలిపితే బజ్జీ తినేవాడికి తేడా తెలియదు. తన పేరుతో అమ్ముడుపోతే చవక, శనగ పేరుతో అమ్ముడుపోతే ఖరీదు. ఇంత అన్యాయం ఏ పప్పుకూ జరగలేదు.

2015లో కందిపప్పు కిలో రెండు వందలకు చేరినప్పుడు మా వీధిలో తెలుగిళ్ళవాళ్ళు ఒకరొకరే అమ్మ దగ్గరికొచ్చి బఠానీ పప్పుతో సాంబారెలా చెయ్యాలని అడిగారు. అమ్మ చెప్పలేదు. "సాంబారుకు కందే. ఇది వేరే పప్పు, దీని వంట వేరు" అంది. కొందరు అలిగారు కూడా. ఇప్పుడాలోచిస్తే ఆవిడదే న్యాయం. కందిపప్పుకు తనదైన వాసన ఉంది, చింతపండుతో దాని స్నేహం వేరు. బఠానీ పప్పును ఆ బట్టల్లో నిలబెడితే ఎప్పుడూ వదులుగానే కనబడుతుంది. దాన్ని దాని చిక్కదనంతో, దాని చిరుతీపితో, మిరియాల పక్కన, కాల్చిన వెల్లుల్లి పక్కన కూర్చోబెట్టాలి. బదులుగా వచ్చింది నిజమే. బదులుగా వండితే మాత్రం పాడవుతుంది.

ఇవాళ మా ఇంట్లో గుల్ లేదు, సిగ్డీ లేదు. సి షిఫ్టు నుంచి వచ్చే మనిషీ లేడు. ఇత్తడి గ్లాసుంది. మా చిన్నవాడు అందులోనే తాగుతానని పేచీ పెడతాడు.

వండుకునేవాళ్ళకు మరొక్క మాట. రాత్రి మిగిలిన సూపు పొద్దున్నకల్లా గిన్నెలో గడ్డకట్టి, కత్తితో కోసేలా ఉంటుంది. పాడైందని పారబోయకండి. గ్లాసుడు వేడినీళ్ళు పోసి, సన్నటి సెగ మీద గరిటెతో నెమ్మదిగా విడదీయండి. చన్నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. ఉప్పు మళ్ళీ చూసుకోండి.